ప్రతి వాపూ ఉద్దానం జబ్బు కాదు

కవిటి, కంచిలి, సోంపేట, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో ఎవరి కాళ్లు వాచినా, ఎవరి ముఖం ఉబ్బినా రచ్చబండ దగ్గర తేలే తీర్పు ఒక్కటే. రక్తం చూడకముందే, మూత్రం చూడకముందే ఇరుగుపొరుగువారు ఆ తీర్పు చెప్పేస్తారు. వీధి కుళాయి దగ్గర సాధారణంగా వినిపించే మాటలు ఇలా ఉంటాయి.

"ఏటే కోడలా, ముఖం అలా పొంగిపోనాదేటి?"

"ఏటో అత్తా, పొద్దున లెగిసేసరికి కళ్ల కింద ఉబ్బిపోతంది. కాళ్లు కూడా బరువుగా ఉంటన్నాయి."

"ఇంకేటుంది, ఉద్దానం రోగమే. మీ మావ కూడా దాంతోటే పోనాడు గదా. ఏటి సేత్తాం, మన రాత."

ఈ మాట అన్నవారిని తప్పు పట్టడానికి లేదు. ఉద్దానం కొబ్బరి తోటల మధ్య 1990 ప్రాంతం నుంచి మూత్రపిండాల జబ్బు ఎన్ని ఇళ్ల దీపాలు ఆర్పిందో అందరికీ తెలిసినదే. 2018లో ప్రచురితమైన ఒక సర్వేలో ఈ ప్రాంతంలో పరీక్షించిన పెద్దవారిలో ప్రతి 100 మందికి సుమారు 18 మందికి మూత్రపిండాల జబ్బు ఉన్నట్లు తేలింది. వారిలో ఎక్కువ మందికి మధుమేహం గానీ, మరో తెలిసిన కారణం గానీ కనిపించలేదు. డయాలసిస్ రోగుల పింఛనును 2019లో నెలకు 10 వేల రూపాయలు చేశారు. 2023 డిసెంబరు 14న పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. హిరమండలం జలాశయం నుంచి ఉద్దానం ఊళ్లకు తాగునీరు తెచ్చే సుమారు 700 కోట్ల రూపాయల పథకం కూడా అదే రోజు మొదలయింది. ఇవన్నీ ఎంతో పోరాటం మీద వచ్చినవి. కాదనేవారు లేరు.

అయితే భయానికి ఒక చెడ్డ గుణం ఉన్నది. ఒక్క రోగం పేరు ఊరంతా పాకిపోతే, మిగతా రోగాలన్నీ ఆ పేరు చాటున దాక్కుంటాయి. "ఉద్దానం జబ్బే" అని ఇంటివారే తేల్చుకున్న తరువాత పరీక్షకు పోవాలన్న ఆత్రుత ఉండదు. పోయినా ప్రయోజనం లేదన్న నిరాశ ముందు పుడుతుంది. ఆ నిరాశలో, నయం చేయగల జబ్బుతో ఉన్న మనిషిని కూడా చేతులారా పోగొట్టుకునే ప్రమాదం ఉన్నది. అటువంటి జబ్బుల్లో ముఖ్యమైనది లూపస్.

కంచే చేను మేస్తే

పేరు కొత్తగా ఉన్నా జబ్బు కొత్తది కాదు. లూపస్ అంటే లాటిన్ భాషలో తోడేలు. ముఖం మీద వచ్చే పుండ్లు తోడేలు కొరికినట్లు ఉన్నాయని పూర్వం ఐరోపా వైద్యులు ఆ పేరు పెట్టారు. మన భాషలో ఈ జబ్బును చెప్పడానికి ఒక్క సామెత చాలు: కంచే చేను మేయడం.

మనిషి ఒంట్లో రోగాలను తట్టుకునే శక్తి ఒకటి ఉంటుంది. బయటి నుంచి సూక్ష్మక్రిములు వస్తే వాటిని పట్టి చంపడం దాని పని. చేనుకు కంచె ఎలాగో, ఒంటికి అది అలాగ. కొందరిలో ఆ శక్తి దారి తప్పుతుంది. పరాయివాడెవరో, తనవాడెవరో గుర్తించలేక తన ఒంటినే శత్రువు అనుకుని కొట్టడం మొదలుపెడుతుంది. కీళ్లను కొడితే కీళ్లవాతం, కండరాలను కొడితే కండరాల జబ్బు, గొంతు దగ్గరి థైరాయిడ్ గ్రంథిని కొడితే థైరాయిడ్ జబ్బు. లూపస్‌లో అయితే దానికి హద్దు లేదు. చర్మం, కీళ్లు, రక్తం, గుండె పొర, ఊపిరితిత్తుల పొర, మూత్రపిండాలు, మెదడు, దేన్నయినా పట్టవచ్చు.

ఇది అంటురోగం కాదు. కలిసి తిన్నా, ఒకే మంచం మీద పడుకున్నా రాదు. ఎవరి పాపమూ కాదు, ఎవరి శాపమూ కాదు. లూపస్ వచ్చిన ప్రతి 10 మందిలో సుమారు 9 మంది ఆడవారే. అందులోనూ 15 ఏళ్ల నుంచి 45 ఏళ్ల లోపువారు ఎక్కువ. అంటే పెళ్లి కావలసిన ఆడపిల్ల, చంటిబిడ్డ తల్లి, నాట్లకు పోయే కోడలు. ఇంటి బరువు మోసే వయసులో వచ్చే జబ్బు ఇది.

ఎన్ని వేషాలో

ఈ జబ్బుతో వచ్చిన చిక్కు ఏమిటంటే అది తన వేషంలో రాదు. ప్రతిసారీ మరో జబ్బు వేషం కట్టి వస్తుంది. మన జిల్లాల్లో ఆ వేషాలు ఎలా ఉంటాయో చూద్దాం.

ముక్కు మీద, రెండు బుగ్గల మీద సీతాకోకచిలుక రెక్కలు పరచినట్లు ఎర్రని మచ్చ వస్తుంది. ఎండలోకి పోతే మరీ ఎర్రబడుతుంది. పలాస, కాశీబుగ్గల్లో జీడిపప్పు పనికి పోయే ఆడవారికి జీడి రసం తగిలి చర్మం కాలడం, నల్లబడడం మామూలే. అందుచేత జీడి రసమే అనుకుంటారు. మరొకచోట మంగు మచ్చ అనుకుని పసుపు రాస్తారు. చర్మం మీద పోసిన పసుపుతో లోపలి జబ్బు తగ్గదు.

వారాల తరబడి జ్వరం కాస్తుంది. మన్యంలో అయితే మలేరియా అంటారు, మైదానంలో అయితే టైఫాయిడ్ అంటారు. రెండింటికీ మందులు వాడినా జ్వరం తగ్గదు. ఊపిరితిత్తుల పొరలో నీరు చేరితే క్షయ అని అనుమానిస్తారు. రక్తంలో ప్లేట్‌లెట్లు పడిపోతే డెంగీ అంటారు. వేళ్ల కీళ్లు పొద్దున్నే బిగుసుకుపోయి, చెంబు పట్టుకోలేని స్థితి వస్తే పాత చికున్‌గున్యా నొప్పులు తిరగబెట్టాయంటారు. ఈ అనుమానాలు ఏవీ అర్థం లేనివి కావు. ఆ జబ్బులన్నీ ఇక్కడ ఉన్నవే, లూపస్ కంటే ఎక్కువగా ఉన్నవే. మొదట వాటినే వెతకాలి. కాని ఆ జబ్బు లేదని తేలిన తరువాత, లేదా మందు వాడినా తగ్గని తరువాత, మరి ఇదేమిటి అని అడగకపోవడంలోనే తప్పు ఉన్నది.

జుట్టు గుప్పెళ్లుగా రాలుతుంది. నోట్లో పుండ్లు పడి పోతుంటాయి, మళ్లీ వస్తుంటాయి. ఒంట్లో వేడి చేసిందని మజ్జిగ తాగిస్తారు. ఒక్కొక్కటి చూస్తే ఏదీ పెద్ద జబ్బులా కనిపించదు. జ్వరం, కీళ్లనొప్పి, నోటిపూత, జుట్టు రాలడం, ముఖం మీద ఎరుపు, ఇవి ఒకే మనిషిలో కొద్ది నెలల్లో కలిసి వచ్చాయంటే మాత్రం ఆ కలయికే గుర్తు. ఒక్కో లక్షణానికి ఒక్కో డాక్టరు దగ్గరకు పోతే ఎవరికీ మొత్తం బొమ్మ కనిపించదు.

గర్భాలు నిలవకపోతే

మరొక వేషం మరింత బాధాకరమైనది. వరుసగా గర్భాలు పోతుంటాయి. మూడో నెలలో ఒకటి, ఐదో నెలలో ఒకటి, నిండు నెలల్లో మరొకటి. ఊళ్లో కోడలికి గొడ్రాలన్న పేరు పెడతారు. కొడుక్కి మారు మనువు మాట ఎత్తుతారు. రక్తం లేనిపోని చోట గడ్డకట్టి, తల్లి నుంచి బిడ్డకు పోయే రక్తాన్ని అడ్డుకునే ఒక జబ్బు ఉన్నదని 1983లో లండన్ వైద్యుడు గ్రాహం హ్యూస్ వివరించారు. ఇది కూడా కంచె చేను మేసే జబ్బే. కొందరిలో లూపస్‌తో కలిసి ఉంటుంది, కొందరిలో ఒంటరిగా ఉంటుంది. దానికి రక్తపరీక్ష ఉన్నది. చిన్న మోతాదు ఆస్పిరిన్ మాత్ర, హెపారిన్ ఇంజెక్షను డాక్టరు చెప్పినట్లు వాడితే చాలామంది తల్లుల ఒడి నిండింది. గర్భాలు పోతున్నందుకు కోడలిని తిట్టే ముందు రక్తం పరీక్ష చేయించడం ధర్మం.

గాలి కాదు, దయ్యం కాదు

అన్నిటికంటే దారుణం మనసును పట్టినప్పుడు. నిన్నటిదాకా బాగున్న పిల్ల ఉన్నట్టుండి ఏదో మాట్లాడుతుంది, లేనివి కనిపిస్తున్నాయంటుంది, మూర్ఛలు వస్తాయి. గాలి సోకిందంటారు, దయ్యం పట్టిందంటారు. చిల్లంగి పెట్టారని ఎదురింటి ముసలమ్మ మీద అనుమానం పోతుంది. చిల్లంగి అనుమానంతో మనుషులను కొట్టిన, చంపిన వార్తలు ఉత్తరాంధ్ర పత్రికలకు కొత్త కావు. ఒక జబ్బును గుర్తించకపోతే ఇద్దరికి ప్రాణాపాయం: రోగికీ, నింద పడ్డవారికీ.

ఇది ఒక్క మన పల్లెల అమాయకత్వం అనుకుంటే పొరపాటు. 2009లో అమెరికాలోని న్యూయార్క్ నగరంలో సుసన్నా కహలన్ అనే 24 ఏళ్ల పత్రికా విలేఖరి ఉన్నట్టుండి అనుమానాలతో, మూర్ఛలతో, మతిస్థిమితం తప్పి ఆసుపత్రి పాలయింది. అంతటి నగరంలో ఉన్న డాక్టర్లకే మొదట ఏమీ అంతుపట్టలేదు. చివరకు సుహేల్ నజ్జార్ అనే వైద్యుడు ఆమె చేతికి కాగితం ఇచ్చి గడియారం బొమ్మ వేయమన్నాడు. ఆమె అంకెలన్నీ ఒకే పక్కన వేసింది. మెదడు ఒక పక్క వాచిందని ఆయన గ్రహించాడు. ఒంటి రక్షణ శక్తే మెదడును కొడుతున్నదని పరీక్షల్లో తేలింది. ఆ జబ్బును వైద్యలోకం గుర్తించింది 2007లోనే. వైద్యం జరిగింది, ఆమె కోలుకుని మళ్లీ ఉద్యోగంలో చేరింది, తన కథను పుస్తకంగా రాసింది. ఆమెను ఒక మంత్రగాడికి అప్పగించి ఉంటే ఏమయ్యేదో ఆలోచించుకోవాలి.

కండరాలను పట్టే జబ్బు సంగతి సినిమాలు చూసేవారికి తెలిసే ఉంటుంది. నటి సమంత తనకు మయోసైటిస్ అనే జబ్బు వచ్చినట్లు 2022 అక్టోబరులో స్వయంగా ప్రకటించారు. ఆ జబ్బులో నేల మీద నుంచి లేవడం, మెట్లెక్కడం, చేతులెత్తి తల దువ్వుకోవడం కష్టమవుతుంది. సినిమా తారకు వస్తే ఆ పేరు ఊరూరా తెలిసింది. నీళ్ల బిందె చంకకు ఎత్తుకోలేకపోతున్న కూలి మనిషికి వస్తే మాత్రం ఒళ్లు వంచక సాకు చెబుతున్నదంటారు.

తేడా తెలిసేదెలా

ఇప్పుడు మళ్లీ ఉద్దానానికి వద్దాం. లూపస్ వచ్చినవారిలో చాలామందికి మూత్రపిండాలు కూడా దెబ్బతింటాయి. అక్కడే రెండు జబ్బులు ఒకదానితో ఒకటి కలగలిసిపోయే ప్రమాదం ఉన్నది.

రెంటికీ తేడా ఉన్నది. ఉద్దానం జబ్బు ఎక్కువగా పొలం పని చేసే నడివయసు వారిలో కనిపిస్తుంది. చాలా కాలం చడీచప్పుడు లేకుండా లోపల్లోపల సాగుతుంది. మూత్రంలో అల్బుమిన్, అంటే ఒంట్లోని మాంసకృత్తు, పోయేది తక్కువ. వాపులు కనిపించేసరికి జబ్బు ముదిరిపోయి ఉంటుంది. లూపస్ మూత్రపిండాలను పట్టినప్పుడు అల్బుమిన్ ఎక్కువగా పోతుంది. మూత్రం నురగలు కడుతుంది. ఒక్కోసారి రక్తం కలిసి టీ రంగుకు మారుతుంది. కొద్ది వారాల్లోనే ముఖం ఉబ్బుతుంది, కాళ్లు వాస్తాయి, రక్తపోటు పెరుగుతుంది. వయసు తక్కువ, ఆడమనిషి, కీళ్లనొప్పులు, జ్వరం, జుట్టు రాలడం ముందు నుంచీ ఉన్నాయంటే అనుమానం బలపడుతుంది.

ఈ తేడా పట్టడానికి మొదటి మెట్టు పెద్ద యంత్రం కాదు. మూత్రంలో ముంచి తీసే ఒక చిన్న పట్టీ. రంగు మారితే అల్బుమిన్ పోతున్నదని అర్థం. గర్భిణులకు ఈ పరీక్ష మామూలుగా చేసేదే. రెండవది రక్తపోటు చూడడం. అనుమానం కలిగితే లూపస్ గుర్తించే రక్తపరీక్షలు, ఆపైన సూదితో మూత్రపిండం ముక్క తీసి చూసే బయాప్సీ. ముక్క తీస్తారనగానే ఇంటివారు హడలిపోతారు. అది ఆపరేషను కాదు. ఏ మందు ఎంత బలంగా ఇవ్వాలో ఆ ముక్కే చెబుతుంది. ఒక్క హెచ్చరిక. లూపస్ రక్తపరీక్ష ఒక్కటి పాజిటివ్ వచ్చినంత మాత్రాన జబ్బు ఉన్నట్లు కాదు. ఆరోగ్యవంతుల్లో కూడా కొందరికి అలా వస్తుంది. కాగితం చూసి బెంబేలెత్తకుండా డాక్టరుకు మనిషిని చూపాలి.

మందు దగ్గరే ఉన్నది

లూపస్‌ను పూర్తిగా వేళ్లతో పీకి పారవేసే మందు ఇంకా రాలేదు. అదుపులో పెట్టే మందులు ఉన్నాయి. 1950 ప్రాంతంలో ఈ జబ్బు వచ్చినవారిలో ఐదేళ్లు బతికేది సుమారు సగం మందే. ఇప్పుడు సరైన వైద్యం అందిన చోట 100కి 90 మందికి పైగా ఐదేళ్లు దాటి బతుకుతున్నారు. మూత్రపిండాలు పట్టిన తొలి దశలోనే వైద్యం మొదలైతే చాలామంది డయాలసిస్ దాకా పోకుండా ఉండగలరు. ఉద్దానంలో ఈ ఒక్క వాక్యం విలువ ఎంతో వేరే చెప్పనక్కరలేదు.

ఆ మందుల్లో ముఖ్యమైనది హైడ్రాక్సీ క్లోరోక్విన్. 2020లో కరోనా సమయంలో ఊరూరా మోగిన పేరు. మన్యం ప్రజలు మలేరియాకు ఎరిగిన క్లోరోక్విన్‌కు అది తోబుట్టువు. లూపస్ రోగి దానిని ఏళ్ల తరబడి, కొద్దిమంది మినహా, గర్భంతో ఉన్నప్పుడు కూడా వాడవలసి ఉంటుంది. కంటి డాక్టరుకు మధ్యమధ్య చూపించుకోవాలి. మూత్రపిండాలు పట్టినప్పుడు స్టెరాయిడ్లు, ఇంకా బలమైన మందులు కావాలి.

కీళ్లవాతానికి ఇప్పుడు లోకమంతా వాడే మెథోట్రెక్సేట్ మందు వెనుక ఒక తెలుగువాడి చేయి ఉన్నది. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో నడిపిన లెడర్లీ ప్రయోగశాలలో, ఆయన చనిపోయిన 1948 నాటికి, ఆ మందు తయారైంది. మొదట రక్త క్యాన్సరుకు వాడారు, తరువాత కీళ్లవాతానికి పనికివచ్చింది. తెలుగువారు గర్వపడవలసిన సంగతి. అయితే ఆ మందును కీళ్లవాతానికి వారానికి ఒక్కరోజే మింగాలి. చీటీ సరిగా అర్థం కాక రోజూ మింగితే ప్రాణం పోతుంది. గర్భిణులు ముట్టకూడదు. మందుల షాపువారు ప్యాకెట్ మీద "వారానికి ఒక్కసారి, ఫలానా వారం" అని తెలుగులో రాసి ఇస్తే ఒక ప్రాణం కాపాడినవారవుతారు.

ఊళ్లో జరుగుతున్న రెండు పొరపాట్లు కూడా చెప్పక తప్పదు. కీళ్లనొప్పి అనగానే ఆర్.ఎం.పి. దగ్గర స్టెరాయిడ్ ఇంజెక్షను వేయించుకోవడం మొదటిది. ఆ రోజుకు నొప్పి పోతుంది, మనిషి లేచి పనికి పోతుంది, మంచి డాక్టరని పేరు వస్తుంది. జబ్బు మాత్రం లోపల సాగుతూనే ఉంటుంది. అసలు జబ్బు ఏమిటో పట్టడానికి వీలులేకుండా గుర్తులు చెరిగిపోతాయి. స్టెరాయిడ్లు చాలాకాలం వాడి ఒక్కసారి మానేసినా ప్రమాదమే. రెండవది షాపులో అడిగి తెచ్చుకుని రోజూ మింగే నొప్పి మాత్రలు. మూత్రపిండాలకు అవి హాని. మూత్రపిండాల జబ్బు ఉన్న నేల మీద అవి మరింత హాని. ఆర్.ఎం.పి.లను ఊరి నుంచి తరమాలని ఎవరూ అనడం లేదు. అర్ధరాత్రి తలుపు తట్టితే లేచేది వారే. వారం దాటిన జ్వరాన్ని, నెల దాటిన కీళ్లవాపును, నురగ మూత్రాన్ని తమ దగ్గర ఉంచుకోకుండా పెద్దాసుపత్రికి పంపిస్తే చాలు.

చేయవలసింది ఏమిటి

అరుదైన జబ్బుకు ఇంత రాద్ధాంతం ఎందుకని అడగవచ్చు. నిజమే, లూపస్ అరుదైనదే. ఢిల్లీ దగ్గర జరిపి 1993లో ప్రచురించిన ఒక సర్వేలో లక్షకు సుమారు 3 మందే కనిపించారు. ఉద్దానంలో వాచిన కాళ్లలో ఎక్కువ భాగం లూపస్ వల్ల కాదు. మధుమేహం వల్ల, రక్తపోటు వల్ల, గుండె జబ్బు వల్ల, రక్తహీనత వల్ల, నిజంగా ఉద్దానం జబ్బు వల్ల వాచినవే ఎక్కువ. అయినా ఒక్క సంగతి గుర్తుంచుకోవాలి. కారణం తెలియని జబ్బు అనే పేరు, తెలిసిన కారణాలన్నీ వెతికి లేవని తేల్చుకున్న తరువాత పెట్టవలసిన పేరు. వెతకకుండా పెడితే అది రోగనిర్ధారణ కాదు, చేతులు దులుపుకోవడం. అరుదైన జబ్బు అయినా, అది వచ్చిన ఇంటికి అరుదు కాదు. ఆ ఇంటికి అది నూటికి నూరు.

ఇంకొక లాభం కూడా ఉన్నది. నురగ మూత్రం పరీక్ష లూపస్‌ను ఒక్కదాన్నే పట్టదు. మధుమేహం వల్ల మూత్రపిండం చెడుతున్నవారిని పడుతుంది. గర్భిణుల్లో గుర్రపువాతానికి దారితీసే రక్తపోటును పడుతుంది. ఒకరి కోసం వేసిన వల పదిమందిని కాపాడుతుంది.

అందుచేత ఉద్దానంలో మూత్రపిండాల పరీక్షా శిబిరం ఎక్కడ పెట్టినా రక్తంలో క్రియాటినిన్‌తో పాటు మూత్రంలో అల్బుమిన్ తప్పక చూడాలి. అల్బుమిన్ ఎక్కువగా పోతున్న వయసు ఆడవారిని వేరు జాబితాలో రాసి, పలాస ఆసుపత్రికో, శ్రీకాకుళం సర్వజనాసుపత్రికో, విశాఖ కింగ్ జార్జి ఆసుపత్రికో కాగితం చేతికిచ్చి మరీ పంపాలి. పోయారో లేదో ఆశా కార్యకర్త నెల తిరగకుండా కనుక్కోవాలి.

ఈ జబ్బులు చూసే ప్రత్యేక వైద్యులను రుమటాలజిస్టులంటారు. హైదరాబాద్ నిమ్స్‌లో వారికి ప్రత్యేక విభాగమే ఉన్నది. ఇచ్ఛాపురం నుంచి విశాఖ 200 కిలోమీటర్లు దాటుతుంది. హైదరాబాద్ మాట చెప్పనే అక్కరలేదు. కూలి మానుకుని, తోడు ఒకరిని తీసుకుని, రైలు టిక్కెట్టు పెట్టుకుని పోవలసిన దూరం అది. ఇచ్ఛాపురం వారు రాష్ట్రం దాటి బరంపురం పోవడానికి కారణం అదే. శ్రీకాకుళం, విజయనగరం, పార్వతీపురంలలో నెలకు ఒక్కరోజు అటువంటి డాక్టరు వచ్చి కూర్చునే ఏర్పాటు చేస్తే, ఆ రోజు ఏమిటో గ్రామ సచివాలయం గోడ మీద రాస్తే ఎన్ని కుటుంబాలకో దారి ఖర్చు మిగులుతుంది.

మూడవది మాత్రల సంగతి. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో నడుస్తున్న పథకంలో తమ జబ్బుకు ఏమేమి వర్తిస్తాయో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడిగి తెలుసుకోవాలి. ఇది ఒకసారి ఆసుపత్రిలో చేరి నయం చేసుకుని వచ్చే జబ్బు కాదు. రోజూ మాత్ర మింగే జబ్బు. రోగి ఒంట్లో కులాసాగా ఉందని, లేదా చేతిలో డబ్బు లేదని మాత్ర మానేసిన నెలలోనే జబ్బు తిరగబెట్టవచ్చు. కాబట్టి బి.పి. మాత్రలు, షుగరు మాత్రలు ఇచ్చే ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనే ఈ మాత్రలు కూడా నెల నెలా చేతికందాలి. మూత్రపిండం చెడిపోయిన తరువాత వారానికి రెండు మూడు సార్లు డయాలసిస్ చేయడానికి, పింఛను ఇవ్వడానికి ప్రభుత్వానికి అయ్యే ఖర్చు ముందు ఈ మాత్రల ఖర్చు ఏపాటిది?

ఇంటివారి వంతు

ప్రభుత్వం చేసేలోగా ఇంటివారు చేయగలిగింది చాలా ఉన్నది. రోగి పరీక్షల కాగితాలు, మందుల చీటీలు ఒక సంచిలో తేదీల వరుసన దాచాలి. ఏ డాక్టరు దగ్గరకు పోయినా ఆ సంచి పోవాలి. జ్వరం ఎప్పుడు మొదలైందో, కీళ్లు ఎప్పుడు వాచాయో, గర్భం ఏ నెలలో పోయిందో చదువుకున్న పిల్లల చేత ఒక కాగితం మీద రాయించాలి. డాక్టరుకు మొత్తం బొమ్మ కనిపించేది ఆ కాగితంలోనే. ఎండ ఈ జబ్బుకు పడదు. నాట్లకు, కలుపులకు పోయే ఆడవారు చీర మీద పొడుగు చేతుల చొక్కా తొడుక్కోవడం, తలగుడ్డ చుట్టుకోవడం మన పొలాల్లో ఉన్న అలవాటే. లూపస్ ఉన్నవారికి ఆ చొక్కా, ఆ తలగుడ్డ కూడా మందే. నడి ఎండ పని ఇంట్లో మరొకరు అందుకోవాలి. పిల్లలు కావాలనుకుంటే జబ్బు కనీసం 6 నెలలు అదుపులో ఉన్న తరువాత, డాక్టరుతో చెప్పి, మందులు మార్చుకుని ఆలోచించాలి. లూపస్ ఉన్నంత మాత్రాన ఆడపిల్లకు పెళ్లి, పిల్లలు లేవనడం అన్యాయం.

అన్నిటికంటే ముఖ్యమైనది నోటి మాట. వాచిన కాళ్లను చూసి "మన రాత" అని తీర్పు చెప్పే అత్త, అదే నోటితో "రేపు పొద్దున్నే మూత్రం పరీక్షకు పద, నేనూ వస్తాను" అంటే ఎంతో మేలు. ఆ రెండు మాటల మధ్య ఒక కోడలి ప్రాణం ఉండవచ్చు. ఉద్దానం ఇప్పటికే ఎన్నో చావులు చూసింది. చూడనక్కరలేని చావును కూడా దాని లెక్కలో కలపడం ఎవరికీ తగదు.